రాజధాని బార్‌లో సోదా

1954 వేసవి మొదట్లో నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. అప్పుడు నేను మద్యనిషేధ శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరును. కర్నూలు కొత్తగా రాష్ట్రానికి రాజధాని అయిన రోజులవి. ఆఫీసులకు భవనాలు చాలక డేరాలు వేశారు. గుమాస్తాలు పగలంతా ఆ డేరాల్లో ఫైళ్లు రాసేవారు, ఇల్లు దొరకనివాళ్లు రాత్రి అక్కడే పడుకునేవారు. నాకు కల్లూరులో ఒక గానుగ పక్కన చిన్న గది దొరికింది. ఆ ఊళ్లో అప్పుడు గది దొరకడమంటే ప్రమోషను దొరికినట్టే. అందుకని గానుగ మోతకు నేనేమీ అనలేదు.

ఇప్పటివాళ్లకు మా పని గురించి కాస్త చెప్పాలి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే మా జిల్లాల్లో మద్యనిషేధం వచ్చింది. రాష్ట్రం విడిపోయినా ఆ చట్టం మా వెంటే వచ్చింది. కల్లు గీసినా, సారా కాచినా, అమ్మినా, తాగినా నేరమే. కర్నూలుతో వచ్చిన చిక్కేమిటంటే, తుంగభద్ర దాటితే హైదరాబాదు రాష్ట్రం. అక్కడ అంతా బాహాటం. ఏటికి అవతల కాలక్షేపమైనది ఇవతల కేసయ్యేది. మా జవాన్లు రేవు దగ్గర నిలబడి మూటలు విప్పించేవారు, అనుమానం వచ్చినవాళ్ల నోరు వాసన చూసేవారు. నేనూ చూశాను. ఉద్యోగం ఏమిటని పెళ్లిచూపుల్లో అడిగితే ఈ ఒక్క వివరం చెప్పొద్దని మావాళ్లు ముందే హెచ్చరించారు.

నేను చేరిన నెలలోనే రాజధాని బార్ మీద ఆకాశరామన్న అర్జీలు రావడం మొదలైంది. కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో కొత్తగా తెరిచిన అంగడి అది. బోర్డు మీద ‘బార్’ అన్న మాట ఆమడ దూరానికి కనపడేంత పెద్దది. దాని కింద ‘చల్లని పానీయములు’ అన్న మాటలు దగ్గరికెళ్లి కళ్లు చికిలిస్తే తప్ప కనిపించవు. అర్జీలన్నిటి సారాంశం ఒకటే. డేరా ఆఫీసుల గుమాస్తాలు సాయంత్రం అక్కడికి పోయి తూలుతూ ఇంటికొస్తున్నారు, సంసారాలు పాడవుతున్నాయి, సర్కారు నిద్రపోతోంది.

అర్జీ వస్తే వెంటనే సోదాకు దిగరు. మొదట మామూలు బట్టల్లో, ఊళ్లోవాడిలా పోయి చూసి రావాలి. నేను పంచె కట్టుకుని ఒక సాయంత్రం వెళ్లాను. లోపల అడుగు పెట్టగానే, నిజం చెప్పాలంటే, ముచ్చటేసింది. కర్నూల్లో అటువంటి చోటు నేను అంతకుముందు చూడలేదు. అడ్డంగా నడుమెత్తు గోడ కట్టి, దాని మీద నునుపు పట్టించిన బేతంచెర్ల బండ పరిచారు. దాని ముందు ఎత్తయిన స్టూళ్లు. బండ వెనకాల తెల్లచొక్కా వేసుకుని, మెడకు నల్ల బో కట్టుకున్న మనిషి. అతని చేతిలో మూతబిగించిన జర్మన్ సిల్వర్ గిన్నె. భుజం పక్కన పెట్టి దాన్ని గలగలా ఆడిస్తుంటే లోపలి ఐసు ముక్కల చప్పుడు వీధిలోకి వినిపించేది. ఆయనే యజమాని మద్దిలేటి.

నేను ‘కర్నూలు కాక్‌టెయిల్’ అడిగాను. గాజుగ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది, ఉప్పులో అద్ది, ఆ గిన్నెలోది పోసి, మీద గోలీసోడా కొట్టి ఇచ్చాడు. ఎర్రగా, నురుగుతో ఉంది. మొదటి గుక్కకు గొంతు భగ్గుమంది. వాసన చూసి సారా పట్టడం నా వృత్తి. నా ముక్కు ఇందులో ఏమీ లేదని చెబుతూనే ఉంది, అయినా నేను ఒకసారి వాకిలి వైపు చూశాను. రెండో గుక్కకు కానీ అందులో ఉన్నవి పోల్చుకోలేకపోయాను. సుగంధిపాల వేళ్లతో చేసే నన్నారి షర్బతు, నిమ్మకాయ, అల్లం, మిరియాలు. దానితోపాటు ఒక పళ్లెంలో బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు వచ్చాయి. వెనక వంటగదిలో ఆయన భార్య ఈశ్వరమ్మ చేసినవి. అంత మంచి ఉగ్గాని కడపలో కూడా నేను తినలేదు. కడపవాణ్ణి ఈ మాట అంటున్నానంటే అది ఎంత బాగుండేదో ఊహించుకోండి.

అసలు వింత చుట్టూ ఉన్నవాళ్లలో కనిపించింది. నా పక్క స్టూలు మీద సుబ్బరాయుడని ఒక టైపిస్టు కూచున్నాడు. రెండో గ్లాసుకే మాట ముద్దయింది. మూడో గ్లాసుకు కళ్లు వాల్చి, తన సూపరింటెండెంటును నోటికొచ్చినట్టు తిట్టాడు. లేచి నిలబడి గోడ పట్టుకున్నాడు. పక్కనున్న మరొకడు ‘ఏమప్పా, ఈ పొద్దు శానా ఎక్కినట్టుండాదే’ అని చెయ్యి పట్టి నడిపించాడు. చెయ్యి పట్టినవాడూ తూలుతున్నాడు. అందరూ తాగింది నేను తాగిందే. ఒకే గిన్నెలోంచి పోయడం నా కళ్లారా చూశాను.

తరవాత ఇంకో రెండుసార్లు వెళ్లి చూశాక నాకు సంగతి అర్థమైంది. వాళ్లలో ఎక్కువమంది జన్మలో సారా ముట్టినవాళ్లు కాదు. బార్ అంటే సినిమాల్లో చూసిందే. అక్కడ కూచుని గొంతు మండేది తాగి, మామూలుగా నడిచి ఇంటికి పోతే ఏం మర్యాద? తనకు మాత్రం అసలు సరుకు పోయలేదని తోటివాళ్లు అనుకోరూ? అందుకని ఒకణ్ణి చూసి ఒకడు తూలడం మొదలుపెట్టారు. కొందరికి నిజంగానే ఎక్కుతోందేమో కూడా. ‘ఇందులో ఏముండాదప్పా?’ అని ఎవరైనా అడిగితే మద్దిలేటి అబద్ధం చెప్పేవాడు కాదు. ‘మీకు తెలీంది ఏముండాదన్నా’ అని నవ్వి ఊరుకునేవాడు.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఒక మధ్యాహ్నం, జనం లేనప్పుడు, వెళ్లి నేనెవరో చెప్పాను. ఆయన బెదరలేదు. తండ్రి బేతంచెర్ల బండల గనిలో పనిచేసి, రాతిదుమ్ము పీల్చి పీల్చి దగ్గుతో పోయాడట. ఆ దుమ్ము తప్పించుకోవడానికే తాను చిన్నతనంలో బళ్ళారి పారిపోయి, దొరల క్లబ్బులో బట్లరు కింద పని నేర్చుకున్నాడట. దొరలు పోయాక మళ్లీ గనికే వచ్చి ఏళ్లు గడిపి, రాజధాని వచ్చిందని తెలిసి, భార్యకున్న రెండెకరాలు అమ్మి ఈ అంగడి పెట్టాడు. ఇది నిలబడకపోతే తనకు మిగిలింది గనేనని చెప్పాడు. అప్పటికే కాస్త దగ్గుతున్నాడు.

నేను ఆయనకు ధైర్యం చెప్పాను. పద్ధతి ప్రకారం సోదా చేస్తామని, పెద్దమనుషులిద్దరిని పంచాయతీదార్లుగా, అంటే సాక్షులుగా, పెట్టి వాళ్లెదుట ప్రతి సీసా రుచి చూపిస్తామని, ఏమీ దొరకలేదని మహజరు రాసి సంతకాలు తీసుకుంటామని, ఆ తరవాత ఏ అర్జీ వచ్చినా ఆయన జోలికి ఎవరూ రారని వివరించాను. మహజరంటే సోదాలో చూసింది చూసినట్టు అక్కడికక్కడే రాసే కాగితం. నిర్దోషికి అంతకు మించిన రక్ష లేదని ఆ రోజుల్లో నా నమ్మకం.

ఆయన ముఖం వాడిపోయింది. ‘అంత పని చేయొద్దు సార్’ అన్నాడు.

సోదా వద్దంటున్నావా అని అడిగాను.

‘సోదా చేసుకోండి సార్. పొద్దున్నే రాండి, అంగడి తీయకముందే. మూలమూలా ఎతకండి. ఏమీ దొరకలేదని మాత్రం ఊర్లో ఎవురికీ తెలీనీయొద్దండి. సారా ఉండాదని నేను యాడా చెప్పలేదు. వాళ్లకు వాళ్లే అనుకుంటాండారు. లేదని తెలిసిన రోజు ఈడికి ఒక్కడూ రాడు. నన్నారి నీళ్ల కోసరం ఎవురొస్తారు సార్, ఇంటికాడ లేదా?’

నిందపడ్డవాడు నింద తొలగించొద్దని బతిమాలడం నా సర్వీసులో అదే మొదలు. ఇంకోసారి చూడలేదు కూడా.

నేను మద్దిలేటి కోరిక సబబేనని సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు విన్నవించాను. ఆయన నా పైఅధికారి, సోదాకు ఆర్డరు ఇవ్వవలసినవాడు. అంతా విని, ‘వాడు రమ్మన్న టయానికి పోతే అది సోదా ఎట్లయితాదయ్యా, చుట్టరికమయితాది’ అన్నారు. పొద్దున రమ్మన్నాడంటే సాయంత్రం ఏదో జరుగుతున్నట్టే లెక్క, జనం నిండుగా ఉన్నప్పుడే పొమ్మన్నారు. ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. మాకు నేర్పిందీ అదే. అనుమానితుడు ఏ వేళ వద్దంటే ఆ వేళే వెళ్లాలి.

అలా శనివారం సాయంత్రం యూనిఫారంలో, జవాన్లతో, పంచాయతీదార్లతో వెళ్లాను. పంచాయతీదార్లలో ఒకరు గుడ్డల వ్యాపారి, రెండోవారు రిటైరైన బడిపంతులు రంగయ్య అయ్యవారు. ఎవరూ కదలొద్దని ఆర్డరు వేశాము. వాకిట్లో జవాన్లు నిలబడ్డారు. స్టూళ్ల మీదివాళ్లు గ్లాసులు చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయారు. సుబ్బరాయుడు వాళ్లలో ఉన్నాడు. మద్దిలేటి తనంతట తానే సీసాలన్నీ బండ మీద వరసగా పెట్టి, చేతులు కట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. నా వైపు చూడలేదు.

ఒక్కొక్క సీసా వాసన చూశాను. మద్రాసుకు పరీక్షకు పంపవలసిన వాటికి లక్క సీలు వేయించాను. తరవాత గిన్నెలో కలిపి ఉన్నదాన్ని రెండు గ్లాసుల్లో పోయించి పంచాయతీదార్లకిచ్చాను. గుడ్డల వ్యాపారి కొంచెం నాలికకు తగిలించుకుని తలాడించారు. అయ్యవారు మాత్రం పూర్తిగా తాగేశారు. తాగి, మూతి తుడుచుకుని, తరగతి గదిలో వెనక బెంచీకి వినిపించే గొంతుతో చెప్పారు.

‘నన్నారి గదప్పా ఇది. అల్లము, మిరియాలు యేసినాడు. మా ఇంట్లో పసిబిడ్డలకు జలుబు చేస్తే ఇదే పడ్తాము.’

అంతవరకూ స్టూలు మీద వాలిపోతూ, కళ్లు మూతలు పడుతున్న సుబ్బరాయుడు నిటారుగా నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసి వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు కాస్తా గదంతా పాకింది. ఒక జవాను కూడా నవ్వాడు. సుబ్బరాయుడు గ్లాసు బండ మీద పెట్టి, తలవంచుకుని, చక్కగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేను మహజరు రాయడం ముగించేసరికి గది ఖాళీ అయింది. పళ్లేల్లో బజ్జీలు సగం కొరికినవి అట్లాగే ఉన్నాయి. ఈశ్వరమ్మ వంటగది గుమ్మంలో నిలబడి వాటిని చూస్తోంది. మద్దిలేటి నేను చూపించిన చోట సంతకం చేశాడు. ‘పద్ధతిగా చేసినారు సార్’ అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపేమీ లేదు, అదే నాకు కష్టమనిపించింది.

ఆ వారంలోనే బార్ పలచబడింది. డేరా ఆఫీసుల్లో ఒకరినొకరు ‘జలుబు తగ్గిందా?’ అని పలకరించుకోవడం మొదలైంది. సుబ్బరాయుడు మధ్యాహ్నం కాఫీకి కూడా బయటికి రాకుండా టైపు మిషను దగ్గరే కూచునేవాడట. నిన్నటిదాకా అక్కడ తూలినవాళ్లు ఆ వీధిలోంచి నడవడం మానేశారు. నేను ఉగ్గాని కోసమని పనిగట్టుకుని వెళ్లేవాణ్ణి. యూనిఫారంవాడు లోపల కూచుంటే వచ్చే ఒకరిద్దరు కూడా వెనక్కి తిరిగేవారు. ఈశ్వరమ్మే ఒకరోజు, ‘నీకు ఇంటికి పంపిస్తాను నాయనా, ఈడికి రావద్దు’ అని నెమ్మదిగా చెప్పింది. మద్రాసు నుంచి మత్తుపదార్థం ఏదీ లేదని రిపోర్టు వచ్చేనాటికి అంగడి తలుపులకు తాళం ఉంది. రిపోర్టు నకలు ఎవరికివ్వాలో తెలియక ఫైల్లోనే ఉంచాము.

తరవాత రెండేళ్లకు రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు పీకేశారు, గుమాస్తాలు సామాన్లు సర్దుకున్నారు. బార్ ఎట్లాగూ ఉండేది కాదులే అని నాకు నేను సర్దిచెప్పుకోవడానికి ప్రయత్నించాను. కానీ ఆ రెండేళ్లూ ఆయనకు దక్కేవి కదా అన్న ఆలోచన ఎప్పుడూ దానికి అడ్డం వచ్చేది. రెండేళ్లంటే ఆయన ఊపిరితిత్తులకు చిన్న సంగతి కాదు.

ఆ కాలంలోనే ఒకసారి పనిమీద రైల్లో పోతూ, బండి ఆగితే కాసేపు బేతంచెర్ల స్టేషన్లో దిగాను. గూడ్సు బండి దగ్గర బండలు ఎక్కిస్తున్నవాళ్లలో మద్దిలేటి ఉన్నాడు. కనుబొమ్మల మీద, మీసాల మీద తెల్లటి దుమ్ము. నన్ను ముందు ఆయనే పోల్చుకున్నాడు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని వచ్చి, నా సంసారం గురించి, కడప గురించి అడిగాడు. మధ్యలో రెండుసార్లు దగ్గు ఆగేదాకా ఆగవలసి వచ్చింది. నేను చెప్పదలుచుకున్నది చెప్పలేకపోయాను. అది ఆయనకే అర్థమైందనుకుంటాను.

‘మీరు కేసు పెట్టింటే బాగుండు సార్’ అన్నాడు. ‘కొన్నాళ్లు జైల్లో ఉండొచ్చింటే, అంగడి ముందర జనాలు నిలబడేకి జాగా ఉండేది కాదు.’

నవ్వుతూనే అన్నాడు. మేస్త్రీ పిలిస్తే వెళ్లిపోయాడు. నాకు చాలా బాధ కలిగింది. రైలు కదిలాక కూడా చాలాసేపు కిటికీ దగ్గరే కూచున్నాను. ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. అప్పటిదాకా సోదాకు రెండే ఫలితాలున్నాయని అనుకునేవాణ్ణి. దొరికితే నేరస్తుడు చెడతాడు, దొరకకపోతే నిర్దోషి బాగుపడతాడు. దొరకనందువల్ల చెడేవాడు కూడా ఉంటాడని మాకు శిక్షణలో చెప్పలేదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ఎక్కడ సోదాకు వెళ్లినా, మొదట లోపలున్న జనాన్ని బయటికి పంపి, తలుపు వేయించి, ఆ తరవాతే సీసా మూత తీయించేవాణ్ణి. నా కింద పనిచేసినవాళ్లకూ అదే నేర్పాను. ఎందుకని వాళ్లు అడిగితే, పద్ధతి అని చెప్పేవాణ్ణి.