సముద్రం కోసం చేసిన డబ్బా

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా వీధికంతటికీ సముద్రం చూసినవాళ్ళు ఇద్దరే, పోస్టుమాస్టరుగారూ ఆయన భార్యా. ఆయన నీలంగా ఉంటుందనేవారు. ఆవిడ బూడిద రంగనేది. ఇద్దరూ కలిసే వెళ్ళొచ్చారు. అందుకని ఒక దసరా సెలవుల్లో మా బాబాయి నన్ను బందరులో మా మేనత్త ఇంటికి తీసుకెళతాననగానే, ఈ తగవు తీర్చే బాధ్యత నా మీద పడిందనుకున్నాను. నాకు అప్పటికి పదేళ్ళు లేవు గాని, బాధ్యతలకి కొదవ ఉండేది కాదు.

ఆ ప్రయాణానికి నాకంటే ముందు సిద్ధమైంది మా నాయనమ్మ. ఆవిడ మాతో రావడం లేదు. మోకాళ్ళు పట్టేసి, వసారాలో నులకమంచమే లోకంగా ఉండేది. ఆదివారం చర్చికి కూడా బండి కట్టాల్సిందే. అక్కడ పాదిరిగారు లెక్కకు అందనిదేదైనా చెప్పాలంటే సముద్రపు ఇసుకంత అనేవారు. నాయనమ్మకి ఆ మాట మీద ఎప్పటినుంచో అనుమానం.

"మన ఊరి పాలేటి ఇసుక మాత్రం ఎవరు లెక్కపెట్టారే? దాని గొప్పేంటో చూడాలి. గుప్పెడు పట్రా" అంది.

ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేని మనిషి. ఆవిడ నోట ఆ మాట విని, మా అమ్మ చేట కింద పెట్టి మరీ ఇటు చూసింది. ఇసుక తేకుండా ఇంటికి రాకూడదని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను.

అలాంటి ఇసుకని కాగితంలో పొట్లం కట్టి తేవడం నాకు చిన్నతనంగా తోచింది. దానికి తగిన డబ్బా కావాలి. సిగరెట్లు మానేస్తానని బాబాయి నాయనమ్మకి మాట ఇచ్చినప్పుడల్లా ఇంట్లో ఒక గుండ్రటి రేకు డబ్బా మిగిలేది. అలా డబ్బాలకి మా ఇంట్లో లోటు లేదు. ఒకదాన్ని బూడిదతో తోమి, వాసన పోయేదాకా ఎండలో పెట్టి, చుట్టూ సముద్రం బొమ్మ అంటిద్దామనుకున్నాను. ఇంట్లో సముద్రం బొమ్మ ఒక్కటే ఉంది, పాత చర్చి క్యాలెండరు మీద. గలిలయ సముద్రం మీద తుఫానులో పడవ, పడవలో బెదిరిపోయిన ప్రభువు శిష్యులు. అమ్మ చాలాసేపు ఆలోచించి, అలల వరకూ కత్తిరించుకోమంది, శిష్యుల జోలికి పోవద్దంది. ఆ విధంగా గలిలయ సముద్రం బాబాయి సిగరెట్ల డబ్బా చుట్టూ చేరింది. గోడ మీద శిష్యులు నీళ్ళు లేని పడవలో మిగిలిపోయారు. వాళ్ళ భయం మాత్రం తగ్గలేదు.

మూత అంచున పగిలిన గాజుముక్కలు వరసగా పెట్టాను, ఒక ఆకుపచ్చ, ఒక ఎరుపు. అన్నిటినీ తుమ్మజిగురుతో అంటించాను. మా మెట్ట ప్రాంతంలో తుమ్మజిగురుకి తిరుగు లేదు. ఎందుకు లేదంటే మా దగ్గర వానలు తక్కువ. ఈ రెండో సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

బస్సు చిల్లకల్లు దాటిందో లేదో వాన మొదలైంది. కిటికీలకి కట్టిన గుడ్డలు వానని ఆపకపోగా, పోగుచేసి మరీ లోపలికి పంపాయి. నా ఒళ్ళో డబ్బా, డబ్బా మీద నీళ్ళు. నందిగామ వచ్చేసరికి గలిలయ సముద్రం మెల్లగా జారి నా పరికిణీ మీదికి చేరింది. గాజుముక్కలు బస్సులో తలొక దిక్కూ పోయాయి. నా చేతిలో మళ్ళీ సిగరెట్ల డబ్బాయే మిగిలింది. నేను ఏడుపు మొదలుపెట్టేలోపే బస్సు ఆగిపోయింది. కీసర దగ్గర మున్నేరు రోడ్డెక్కింది. ముందర బస్సులు, లారీలు, ఎడ్లబళ్ళు బారులు తీరి ఉన్నాయి. బాబాయి దిగి చూసి వచ్చాడు.

"సముద్రం దాకా పోవాల్సిన పన్లేదమ్మాయ్, అదే వచ్చింది" అన్నాడు. నేను నవ్వలేదు.

వెనక్కి నందిగామ వచ్చి, బాబాయి స్నేహితుడైన ఒక మాస్టారింట్లో దిగాం. పొద్దున్నే నీళ్ళు తగ్గాయేమో చూడటానికి ఏటి దగ్గరికి వెళ్ళడం, తగ్గలేదని తెలుసుకుని తిరిగి రావడం, మర్నాడు మళ్ళీ అదే. మాతోబాటు ఒక పెళ్ళివారు కూడా చిక్కుకుపోయారు. పెళ్ళికొడుకు ఇవతల, పెళ్ళికూతురు అవతల, ముహూర్తం మధ్యలో. బాజావాళ్ళకి పని లేక, చెయ్యి మొద్దుబారకుండా రోజూ కాసేపు ఏటి వైపు తిరిగి వాయించేవారు. ఒక గడ్డివాము కొట్టుకొచ్చింది. దాని మీద ఒక కోడిపుంజు, ఊరేగింపులో జమీందారులాగా ఇటూ అటూ చూస్తూ వెళ్ళిపోయింది. జనమంతా గట్టు వెంబడి పరిగెత్తారు. నేను మాత్రం బోడి డబ్బా పట్టుకుని, అందరి మీదా అలిగి కూర్చున్నాను.

మాస్టారి భార్య నా ఏడుపు చూడలేక గిన్నెలో మెత్తగా మెదిపిన అన్నం తెచ్చి ముందు పెట్టింది. "దొరికిందేదో అంటించుకో తల్లీ, ఊరుకో. మెతుకు పట్టిందంటే వదలదు" అంది. దొరికినవేమో బస్సు కండక్టరు పారేసిన టిక్కెట్లు, పెళ్ళికొడుకు బాసికం నుంచి ఊడిన తళుకు కాగితం, బాజా అతని టోపీ నుంచి రాలిన ఎర్ర కుచ్చు, లారీ డ్రైవరు పిల్లలకి పంచిన పిప్పరమెంట్ల కాగితాలు. వీటిలో సముద్రానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. అయినా చేతులు ఊరికే ఉండవు గనుక అంటించాను. బాబాయి కూడా వచ్చి కూర్చుని టిక్కెట్లన్నీ తలకిందులుగా అంటించాడు.

నీళ్ళు తగ్గేసరికి సెలవులూ తగ్గిపోయాయి. ఇక బందరు లేదు, ఇంటికే అన్నాడు బాబాయి. నాయనమ్మ ఇసుక సంగతేమిటన్నాను. ఆయన నన్ను గట్టు దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు వెనక్కి పోయినచోట డబ్బా నిండా ఇసుక తోడాడు.

"ఈ మున్నేరు ఎక్కడికి పోద్ది?"

"కృష్ణలోకి."

"కృష్ణ?"

"సముద్రంలోకి."

"మరింకేం? ఇది సముద్రం ఇసుకే. ఇంకా అక్కడికి చేరలేదంతే. మనం దార్లో దింపుకున్నాం."

ఆ వాదనలో తప్పు నాకు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. కాని బస్సులో జగ్గయ్యపేట దాకా దాన్ని మనసులో వల్లెవేసుకుంటూనే ఉన్నాను. నిజాన్నయితే ఇంత వల్లెవెయ్యక్కర్లేదు కదా అన్న అనుమానం కూడా వచ్చింది. దాన్ని బయటికి తోసేశాను.

నాయనమ్మ డబ్బా అందుకుని, మూత తీసి, కాస్త ఇసుక అరచేతిలో పోసుకుంది. వేళ్ళతో నలిపింది. ఎండకి పట్టి చూసింది. ఆ తర్వాత, మేమిద్దరం బొత్తిగా అనుకోని పని చేసింది. చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది.

"ఉప్పు లేదేమే?"

బాబాయికి బజార్లో ఏదో పని గుర్తొచ్చింది.

"బందరోళ్ళు ఇంకా ఉప్పు వెయ్యలేదా?" అంది నాయనమ్మ, నా మొహంలోకి చూస్తూ.

మున్నేరు, కృష్ణ, సముద్రం అని వరసగా చెప్పబోయాను. మున్నేరు దగ్గరే ఆగిపోయాను. జరిగినదంతా ఏడుస్తూ చెప్పేశాను. సముద్రం చూడలేదని, ఇసుక తేలేదని, అసలు ఏమీ చూడకుండానే వచ్చానని.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. తిట్టలేదు కూడా. డబ్బా అటూ ఇటూ తిప్పి, వేలు పెట్టి, "ఇదేంటి?" అంది.

"టిక్కెట్లు. బాబాయి తలకిందులు చేశాడు."

"చేస్తాడు. ఈ ఎర్రదో?"

బాజా అతని గురించి చెప్పాను. ఏటి వైపు తిరిగి ఎందుకు వాయించాడంది. అది చెబుతుంటే కోడిపుంజు వచ్చింది. కోడిపుంజు ఎటు తిరిగి కూచుందంది. అది చెప్పడానికి లేచి నిలబడి నడిచి చూపించాల్సి వచ్చింది. ఏడుపు ఎక్కడ ఆగిందో నాకు గుర్తు లేదు. అమ్మ పని ఆపి వచ్చింది, పోస్టుమాస్టరుగారి భార్య గోడ మీంచి తొంగి చూసింది. ఏమీ చూడలేదన్న మనిషిని, దీపాలు పెట్టే వేళ దాకా చెబుతూనే ఉన్నాను. తళుకు కాగితం దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"ఇంతకీ పెళ్ళయిందా?"

"తెలీదు నాయనమ్మా. మేం ముందే వచ్చేశాం."

"అదేంటే! పెళ్ళయిందో లేదో కనుక్కోకుండా ఎట్టా వచ్చావే?"

సముద్రం తేనందుకు లేని కోపం ఆవిడకి అప్పుడొచ్చింది. చాలా రోజులు ఆ మాట మీదే నన్ను సాధించింది.

ఇసుకని మాత్రం ఉంచుకోలేదు. "ఎక్కడికో పోయేదాన్ని మధ్యలో ఎత్తుకొచ్చారు. పాలేట్లో పొయ్యండి, దాని దారిన అది పోద్ది" అని బజారునుంచి వచ్చిన బాబాయికి పురమాయించింది. మర్నాడు ఇద్దరం వెళ్ళి పోసి వచ్చాం. డబ్బా ఆవిడ తలగడ పక్కన పెట్టుకుంది, మందుబిళ్ళలు దాచుకోవడానికి.

ఆ తర్వాత నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, చాలా ఊళ్ళు తిరిగాను. వెళ్ళినచోట్ల చూడమన్నవన్నీ చూశాను, బాగానే ఉన్నాయి. కాని ఎవరైనా ప్రయాణం చేసి వస్తే, ఏం చూశారని అడగడం నాకు ఆ రోజుతో పోయింది. ఏమీ తేలేదని మొహం వేలాడేసుకున్న పిల్లని కూర్చోబెట్టి ఆవిడ అడిగిన పద్ధతే నాకు పట్టుబడింది. మా మనవలు సెలవుల్లో తిరిగి వస్తే, దారిలో ఎక్కడ ఆగిపోయారని అడుగుతాను. ఎక్కడా ఆగలేదు అమ్మమ్మా, హాయిగా వెళ్ళి హాయిగా వచ్చాం అంటారు.

పాపం అనుకుంటాను. పైకి అనను.