వైరు లేని బటన్

లిఫ్టు మెకానిక్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి మూడు నెలలైంది. నెలాఖరుకల్లా ఆ చేత్తో స్పానర్ పట్టుకుని చూపించాలి, లేకపోతే ఉద్యోగం లేదని కంపెనీవాళ్ళు తేల్చేశారు. పక్క వాటాలోనే ఉంటాను గనక సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటాను. ఆ ఇంట్లో అక్కాతమ్ముళ్ళ పోట్లాట తప్ప వేరే వైద్యమేమీ నాకు కనబడలేదు.

అక్క స్కూలు యూనిఫాంలు కుడుతుంది. మిషన్ ఆపి లేచి, గిన్నెలో బట్టల క్లిప్పులు పోసి తమ్ముడి ముందు పెడుతుంది. కుడిచేత్తో ఇరవై క్లిప్పులు గిన్నె అంచుకు తగిలించాలి. ఆయన ఒక్కదాన్నీ పట్టలేక, మూడో ప్రయత్నానికే చెయ్యి ఒళ్ళో పడేసుకుంటాడు.

"కాస్త మనసు పెట్టరా!"

"ఎక్కడ పెట్టాలో చూపించు, పెడతా."

"మనిషన్నాక సంకల్పం అనేదొకటి ఉండి ఏడవాలి."

"ఇరవై ఆరేళ్ళు లిఫ్టులు విప్పానక్కా. మోటారుంది, తాడుంది. సంకల్పం అనే పార్టు ఒక్కదాంట్లోనూ లేదు. తలలో వైరు కాలిపోయింది. దానికి నువ్వు ప్రవచనం చెబితే కరెంటొస్తుందా?"

"నువ్వు మనిషివా, లిఫ్టువా?"

"రోజూ పైకీ కిందికీ తిప్పేది నువ్వేగా, నువ్వే చెప్పు."

ఆమె తిప్పేది నాలుగో అంతస్తులోని ఫిజియోథెరపీకి. ఆ బిల్డింగు లిఫ్టు మరమ్మతులు మొదట్నించీ ఈయనవే. తలుపు మూసే బటన్ ఎవరో తొందరపడి నొక్కితే ఒక ముసలాయన భుజానికి తలుపు తగిలిందట. ఓనరు చెబితే ఈయనే దాని వైరు పీకేశాడు. ఇప్పుడు తలుపు ఎనిమిది సెకన్లకి తనంతట తనే మూసుకుంటుంది.

"తొమ్మిదేళ్ళుగా జనం దాన్ని పొడుస్తూనే ఉన్నారు. ఒక్క కంప్లయింట్ లేదు! తామే మూశామనుకుంటారు. నీ సంకల్పం కూడా అంతే."

మూడు నెలలుగా ఆ బటన్ నొక్కుతున్నది అక్కే. "ముందే చెప్పి చావొచ్చుగా!" అని రెండు రోజులు మాట్లాడలేదు.

మంగళవారం సంగతి అక్క చెబితే విన్నాను. ఆయన కాదనలేదు. ఆ రోజు ఆలస్యమైంది. ఆయన ఎడమచేతిలో కర్ర, అక్క రెండు చేతుల్లో సంచులు. లిఫ్టులోకెక్కినా తలుపింకా తెరిచే ఉంది. ఆయన విసుక్కుంటూ కుడిచెయ్యెత్తి బొటనవేలితో తలుపు మూసే ఆ బటన్ నొక్కాడు.

అక్క సంచులు కింద పడేసింది. "ఒరేయ్! వేలు!"

ఆయన వేలికేసి చూశాడు. "అలవాటు."

"నువ్వే వైరు పీకి, నువ్వే నొక్కావా? అలవాటెవరిదిరా, వేలిదా, నీదా? మళ్ళీ నొక్కు."

నొక్కబోయాడు. వేలు కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించినా కదల్లేదు. లిఫ్టు పైకెళ్ళింది, కిందికొచ్చింది, అక్క ఆయన్ని దిగనివ్వలేదు, ఇంకెవర్నీ ఎక్కనివ్వలేదు. ఎక్కబోయినవాళ్ళు తిట్టుకుంటూ మెట్లెక్కారు. ఏడోసారి వేలు అర అంగుళం వంగింది. ఇద్దరూ చెమటలు కక్కుతూ ఫిజియోథెరపీకి వెళ్ళేసరికి వాళ్ళ టైం అయిపోయింది.

నిన్న కంపెనీలో స్పానర్ పట్టాడు. రెండుసార్లు జారింది, మూడోసారి నిలిచింది. ఇంకో రెండు నెలలు చూస్తామన్నారు.

"వైరు అతుక్కుంది, అంతే," అన్నాడు నాతో.

"ఊరికే అతుక్కుందా? ఏడుసార్లు నొక్కిందెవరు?" మిషన్ దగ్గర్నించి అక్క.

"అదీ వైరే!"

"వైరే అనుకో. రోజూ నొక్కు. నాకేం, దానికి పేరేదైనా నువ్వే పెట్టుకో."

ఆయన నాకేసి నిస్సహాయంగా చూశాడు. "ఆ గిన్నె ఇలా ఇవ్వండి బాబూ. ఈవిడ నోరు మూయించడానికి వేరే బటన్ లేదు."

పన్నెండు తగిలించాడు. పదమూడోది ఎగిరి మిషన్ కింద పడింది. అక్క తియ్యలేదు. "నువ్వే వంగి తీసుకో," అంది.