మిరప మూటల మీద పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో తమిళనాట మా నాగలాపురం పక్క నల్లరేగడి పల్లెల్లో పెళ్ళంటే ముహూర్తం కంటే వ్యాను ముఖ్యం. ముహూర్తాన్ని పంతులుగారు కాస్త అటూ ఇటూ జరపగలడు. ఆగిపోయిన వ్యానును జరపాలంటే మాత్రం పెళ్ళివారంతా దిగి తొయ్యాలి. ఫోను నొక్కితే కారు వాకిట్లోకి వచ్చే ఈ కాలంలో నా పెళ్ళి ప్రయాణం గురించి చెబితే మా పిల్లలు నమ్మరు. మీరైనా నమ్మండి.

మా అమ్మ తమ్ముడు కోవిల్‌పట్టిలో ఉండేవాడు, లారీ నడిపేవాడు. మా అందరికీ లారీ మామ. బండి కనిపిస్తే చాలు, ఆయనకు మనుషులు కనిపించరు. చుట్టం బస్సు దిగితే చుట్టాన్ని వదిలేసి బస్సు బాగోగులు విచారించే రకం. నవ్వితే స్టీరింగు కూడా ఊగేది. తన లారీ నుదుటి మీద కూతుళ్ళ పేర్లన్నీ రాయించి, చోటు చాలక మా అమ్మ పేరును వెనక తలుపు మీద, ‘హారన్ కొట్టండి’ అన్న మాట కింద రాయించాడు. (అమ్మ దానికి చాన్నాళ్ళు అలిగింది. కానీ ఆ లారీ మా ఊరి మీదుగా పోతుంటే అందరికంటే ముందు వాకిట్లోకి పరిగెత్తేది ఆవిడే.)

నా పెళ్ళి విరుదునగర్‌లో, ఆడపిల్లవారి ఊళ్ళో. పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని వ్యానెక్కాను. అరుప్పుకోట్టై ఇంకా రానేలేదు, కనుచూపు మేర సీమతుమ్మ తప్ప ఏమీ లేని చోట వ్యాను ఖళ్ళున దగ్గి ఆగిపోయింది. మా నాయన తిట్లకూ కదలలేదు, డ్రైవరు మొక్కులకూ కదలలేదు. ఎండ ఎక్కుతున్న కొద్దీ నా మొహాన పెళ్ళికళ దిగిపోతోంది. అంతలో వెనక నుంచి మామ లారీ వచ్చింది. మా పక్క రైతుల మిరపకాయలు విరుదునగర్ మండీలో దింపి, అక్కడే స్నానం చేసి, పెళ్ళికి రావాలని ఆయన ఏర్పాటు.

దిగి నావైపు చూడనైనా చూడలేదు. నేరుగా వ్యాను మీద చెయ్యి వేసి, “అయ్యో, ఒళ్ళు కాల్తా ఉండాదే తల్లీ!” అన్నాడు.

“మామా, ముహూర్తం!” అన్నాను ఏడుపుగొంతుతో.

“కవలపడొద్దురా, దిగులెందుకు. ఎక్కండి అందరూ! నా బండి ఉండంగా కల్యాణం ఎట్ల నిలుస్తాది?”

లారీ ముందు గదిలో, డ్రైవరు సీటు పక్కన మా అవ్వ, అమ్మ, అత్త సర్దుకున్నారు. “మాపిళ్ళను నేను కదా, పెళ్ళికొడుకును!” అని గుర్తుచేశాను. అవ్వ కదల్లేదు. “నీకేమి, పడుచోడివి. పైన కూచో, గాలి తగుల్తాది,” అంది.

గాలి తగిలింది. గాలితోపాటు మూటల్లోని మిరపఘాటూ తగిలింది. పట్టుపంచెతో, నుదుట బొట్టుతో మూటల మీద కూర్చుని, దారి పొడవునా తుమ్ముతూ విరుదునగర్ చేరాను. కల్యాణమండపం ముందు కారు కోసం ఎదురుచూస్తున్న మేళగాళ్ళు లారీని చూసి, సరుకేదో వచ్చిందనుకుని పక్కకు తప్పుకున్నారు. (సరుకు నేనే.)

పీటల మీద కూర్చున్నాక కళ్ళు తుడిచినకొద్దీ మండాయి. చేతులకూ మిరపే కదా! బుగ్గల మీదుగా నీళ్ళు ధారగా కారుతున్నాయి. మా ఇద్దరి మధ్యా అదే మొదటి మాట: పెళ్ళికూతురు తల వంచుకునే మెల్లగా, “ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఏడ్చుకుంటా తాళి కట్టొద్దు,” అంది. “అట్ల కాదు...” అనబోయాను. తుమ్ము వచ్చింది. మళ్ళీ అనబోయాను, మళ్ళీ తుమ్మే. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, వాటికి మిరపతో సంబంధం లేదు.

వెనక నిలబడ్డ మామ ఈ మాట విన్నాడు. నా భుజం మీది మిరపఘాటు పట్టిన తుండుగుడ్డ తీసి, అందరి ముందూ ఒక్కసారి దులిపాడు. ముందు పంతులుగారి మంత్రం తుమ్ములో కలిసిపోయింది. తర్వాత పెళ్ళికూతురి తండ్రి, మేళగాళ్ళు, ముందు వరస ముత్తయిదువలు. చివరికి పెళ్ళికూతురు కూడా తుమ్మింది. తుమ్మి, నన్ను చూసి, ఫక్కున నవ్వింది.

“అపశకునం!” అని ఎవరో గొణిగారు.

“ఒగరు తుమ్మితే అపశకునం. ఊరే తుమ్మితే ఆశీర్వాదం!” అంది మా అవ్వ. మామ నవ్వుకు మండపం అదిరింది. ఆ నవ్వుల్లోనే తాళి కట్టేశాను.

మామ ఇప్పుడు లేడు. చివరి రోజుల్లో కళ్ళు మసకబారి లారీ దిగేశాక, కోవిల్‌పట్టి బైపాస్ పక్క టీకొట్టు బెంచీ మీద కూర్చుని, పోయే ప్రతి లారీకీ చెయ్యెత్తేవాడు. “తెలిసినోడా మామా?” అంటే, “ఇంటోళ్ళను తలుచుకుంటా పోతాండాడు పాపం. నగుతా ఒక మొగం కనిపించనీరా,” అనేవాడు.

మొన్న సాత్తూరు దాటాక ఒక లారీ ఎదురొస్తుంటే, నా చెయ్యి దానంతటదే లేచింది. “ఎవరు, తెలిసినోళ్ళా?” అంది పక్కసీట్లోని నా భార్య. కాదన్నాను. ఆ డ్రైవరు కుర్రాడు ఈ నెరిసిన తల ఎవరిదో తెలియక ఒక్క క్షణం తికమకపడి, తర్వాత పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, తనూ చెయ్యెత్తాడు. ఈ వయసులో దానికింత మురిసిపోవడమేమిటో! ఇల్లు చేరేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కారు నడిపాను.