టిప్పర్ అద్దంలో మనిషి

గనులు జోరుగా నడిచే రోజుల్లో బళ్ళారిలో నాకు ఫోటో స్టూడియో ఉండేది. అప్పుడొచ్చింది, రూపనగుడి టిప్పర్ డ్రైవర్ భార్య. గని దారిలో బండి బోల్తాపడి భర్త పోయాడు. ఆయన ఫోటోలన్నీ ఆయన ఫోన్‌లోనే ఉండేవి, ఇంకెక్కడా దాచలేదు. నలిగిన ఫోన్‌లోంచి తీసిన మెమరీ కార్డు తెచ్చింది.

కంప్యూటర్‌లో పెడితే కార్డు ఖాళీ అని చూపింది.

“ఇంగా యాడన్నా ఉంటాదేమో చూడప్పా.”

నేనేం చేసి చూసినా ఖాళీ అనే చూపింది. ఆఖరికి ఆమె బల్ల పట్టుకుని నేలమీద కూలబడింది. “ఆయప్ప మొగం మర్చిపోతాండానప్పా!”

రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే ఒక్క ఫోటో దొరికింది. అందులో కొత్త టిప్పర్ తప్ప ఏమీ లేదనుకున్నాను. ఆమె తెరకు ముఖం ఆనించి చూసి, “అద్దంలో ఉండాడు!” అని అరిచింది. నిజమే. బండి పక్కద్దంలో, ఫోటో తీస్తున్న మనిషి గోరంత కనిపిస్తున్నాడు.

పెద్దది చేశాను. ముఖం చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది.

“బేడప్పా, వద్దు, మళ్ళా చిన్నగ చెయ్యి! పోతాండాడు!”

చిన్నది చేశాను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

“రెండు సీడీల్లో వెయ్యప్పా. ఒగటి హగరిలో మా అమ్మకాడ పెడ్తా. ఇంగోసారి ఆయప్పని పోగొట్టుకోలేను.”