నీళ్ళు కట్టొద్దన్న తోట

మా ఇంట్లో బర్రెలు నీళ్ళు తాగందే మనుషుల గొంతులో చుక్క దిగదు. ఉప్పుగూడ రైలు పట్టాల పక్కన మా కొట్టం. పొద్దున్నే పాలు పితికి, యాకుత్‌పురా చాయ్ హోటళ్ళకు క్యాన్లు పంపి, తొట్లు నింపాకే మా చాయ్ గిన్నె పొయ్యెక్కుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఓ రోజు తలనొప్పిగా ఉందని ముందే కప్పు చేతిలోకి తీసుకున్నాను. మా అత్త నా వైపు ఊరికే చూసింది. ఆ చాయ్ చల్లారిపోయింది. అప్పటినుంచి తలనొప్పితోనే తొట్లు నింపుతున్నాను.

ఈ చాకిరీ చాలదన్నట్టు మాకో ద్రాక్షతోట కూడా ఉంది. మహేశ్వరం వైపు మా మామ పెట్టిన తోట. ఆయన పోయాక అత్తే దాన్ని నిలబెట్టింది. ఒకప్పుడు ఆ దారి పొడవునా అనాబేషాహి ద్రాక్ష పందిళ్ళే ఉండేవట. నేనొచ్చేసరికి చాలావరకు ప్లాట్లయ్యాయి. ఇప్పుడు మా తోటకు మూడు వైపులా వెంచర్ల హద్దురాళ్ళే. బ్రోకర్లు కొట్టం దాకా వచ్చి అడుగుతారు. అత్త ససేమిరా అంటుంది. మా ఆయనది తల్లి మాటే. నన్నెవరూ అడగలేదు గానీ, అడిగితే అమ్మి పారెయ్యమనే దాన్ని. ఆదివారం పూట పేడ వ్యానులో అంత దూరం పోయి, నడుం విరిగేలా కలుపు తీసి, వచ్చి మళ్ళీ సాయంత్రం పాలు పితకడం నా వల్ల కావడం లేదు.

అలాంటప్పుడు వైన్ కంపెనీ వచ్చింది. మొదట మహారాష్ట్ర పండుతో చేసేవాళ్ళు. ఇక్కడి పండుతోనే చేద్దామని తర్వాత ఊరి బయట ఒక షెడ్డు వేశారు. చూస్తుండగానే షెడ్డు రెండయింది, స్టీలు ట్యాంకులొచ్చాయి, వారాంతాల్లో కార్లేసుకుని చూడ్డానికి వచ్చే జనమూ వచ్చారు. తోటలు మిగిలిన రైతులంతా వాళ్ళతో ఒప్పందం చేసుకున్నారు. మేమూ చేసుకున్నాం. తోట నిలవాలంటే మాకు వేరే దారి లేదు.

"పాలమ్మేటోళ్ళు మందు పండిస్తున్రా?" అని చుట్టాలు ఎకసెక్కాలాడారు.

"అమ్మోరికి కల్లు సాక పోస్తలేమా? ఇది గంతే," అని అత్త వాళ్ళ నోళ్ళు మూయించింది. కంపెనీవాళ్ళిచ్చిన సీసాలోంచి ఓ గుక్క తాగి మాత్రం మొహం చిట్లించింది. "ఉప్పెయ్యని పచ్చిపులుసు లెక్కున్నది. గిది పైసలిచ్చి తాగుతరా?"

మామ వేసిన పందిరి పీకి వరుసలుగా ఇనుప తీగలు లాగాం, కొత్త మొక్కలు పెట్టాం. కాపు కోసం ఏళ్ళు ఎదురుచూశాం. మొదటి పంటకు కాయ రంగు తిరిగినప్పుడు కంపెనీ ఫీల్డ్ మేడం వచ్చింది. చదువుకున్న పిల్ల, నెమ్మదిగా మాట్లాడుతుంది.

"ఇంక నీళ్ళు బందు పెట్టున్రి. పేడ గూడ ఎయ్యొద్దు. చెట్టుకు దూపయితేనే కాయల తీపి పడ్తది," అంది.

"దూపతోని సంపితే తీపెట్ల అయితది బిడ్డా?" అంది అత్త. మేడం ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. మా ఆయన తలూపాడు. అత్త కూడా ఊపింది. నేను నమ్మాను.

కోతకు ముందు మేడం మళ్ళీ వచ్చి, ఒక కాయ రసం పిండి, తీపి కొలిచే చిన్న గొట్టంలో వేసి వెలుతురుకేసి చూసింది. ఇంకో వరుసలో చూసింది. ఆ చివర కూడా చూసింది. గుత్తుల్లో నీరెక్కువై పగిలిన కాయలు కనబడుతూనే ఉన్నాయి.

"నీళ్ళెవరు వెట్టిన్రు?"

అత్త ముందుకొచ్చింది. "నేనే. ఆకులు వాల్చేసి సూస్తున్నయి బిడ్డా, పాణం ఒప్పలే."

మా ఆయన చెప్పుల కేసి చూస్తూ, "నేను గూడ వెట్టిన," అన్నాడు.

తల్లి చూడకుండా కొడుకూ, కొడుకు చూడకుండా తల్లీ! దొంగతనంగా నీళ్ళు పెట్టేవాళ్ళని ఎక్కడైనా చూశారా? నాకు నవ్వొచ్చింది, వెంటనే కడుపు మండింది. ఇన్నేళ్ళ నా నడుంనొప్పి అంతా ఆ పగిలిన కాయల్లోనే పోయింది.

మేడం పంట తీసుకోలేనంది. వచ్చే ఏడు మళ్ళీ వస్తానంది గానీ, ఈసారి మాట తప్పితే ఒప్పందం రద్దని కూడా చెప్పింది. యాకుత్‌పురాలో బండి మీద పండ్లమ్మే భాయ్‌కి ఒక బుట్ట చూపించాం. ఒక కాయ కొరికి, "క్యా భాభీ, పూరే బీజాంచ్ హై," అని గింజలు ఉమ్మేశాడు. మిగిలింది పిట్టలు తిన్నాయి.

ఆ వారమే మళ్ళీ బ్రోకరొచ్చి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం అత్త కొట్టం గడపలో కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా అంది.

"అమ్మెయ్ కొడుకా. దాన్ని ఎండవెట్టి బత్కిచ్చుడు నాతోని గాదు. నీతోని గూడ గాదు. రాళ్ళు పాతుకోనియ్."

మా ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్?"

ఆ తోట గురించి నన్ను అడగడం అదే మొదటిసారి. నా మాట నాలుక చివరే ఉంది. ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట. కానీ నలభై ఊళ్ళ బ్రోకర్లకు లొంగని మనిషి అలా తల దించుకుని కూర్చుంటే చూడబుద్ధి కాలేదు. ఒళ్ళంతా అలసటే, అయినా పంతం పుట్టింది.

"అమ్మొద్దు. బోరు మోటరు డబ్బా తాళంచెవులు రెండు నాకియ్యిర్రి," అన్నాను. "వచ్చే ఏడు మీరిద్దరు గా దిక్కు రావొద్దు."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "అది ఆకులు వాల్చేస్తుంటే సూడగల్గుతవా?"

"సూస్త."

కొంగు ముడి విప్పి తన తాళంచెవి నా చేతిలో పెట్టింది. మా ఆయన జేబులోంచి రెండోది తీసిచ్చాడు. నాకేమీ గెలిచినట్టు అనిపించలేదు. వచ్చే మాఘంలో ఆ తోట దూపతో వేలాడుతుంటే, గట్టు మీద కూర్చుని ఉత్త చేతులతో చూడాల్సింది నేనే.