దోహాలో మంచు కురిపించింది నేనే

కుర్రతనంలో నోరు తెరిచి చెప్పిన అబద్ధాలు ఏదో ఒకనాడు బయటపడతాయి. నోరు మూసుకుని చెప్పినవే చాలాకాలం హాయిగా బతికేస్తాయి. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలోని ఒక చిన్న బడిలో, ఒకటో తరగతి గదిలో మంచు కురిసిన రోజున నేను మూసుకున్న నోరు మొన్నమొన్నటిదాకా తెరవలేదు.

అప్పుడు నేను ఆ బడికి కొత్త ఏసీ మెకానిక్‌ని. (కాకినాడలో ఫ్యాన్లు బాగుచేసిన అనుభవాన్ని ఏజెంటు ఏసీల అనుభవంగా మార్చేశాడు.) పిల్లలు 'తాతా' అని పిలిచే జగిత్యాల మామది అక్కడే క్లీనింగ్ డ్యూటీ, కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో నా పక్క మంచం ఆయనదే. ఒకటో తరగతి టీచరమ్మ చలికాలం పాఠం కోసం కిటికీలకు దూదీ, థర్మోకోల్ పూసలూ అంటించింది. మిగిలిన పూసల సంచి స్టోరులో చేరింది, తాళం మామ దగ్గర. క్యాంపులో నా దిండేమో చపాతీలా అణిగిపోయి ఉండేది. మామ స్టోరు తెరిచే ఉంచి చాయ్ తాగుతున్న అదను చూసి స్టోరులోంచి ఆ సంచి ఎత్తుకొచ్చి, సాయంత్రం పట్టుకుపోయి దిండులో కూరుకుందామని, అదే తరగతి సీలింగు పైన, ఏసీ గాలి పీల్చుకునే చోటి పక్కనే దాచాను. చెత్త లోపలికి పోకుండా అక్కడ అడ్డుగా ఉండాల్సిన జాలీని కడిగి మేడమీద ఆరబెట్టి, ఆ సంగతే మరిచిపోయాను.

పాఠం మొదలైంది. "మంచంటే చలి వెయ్యాలిగా, కాస్త పెంచు బాబూ" అంది టీచరమ్మ. నా పనితనం చూపిద్దామని ఏసీని ఆఖరిదాకా పెట్టాను. పైన ఏదో గరగరమంది. మరుక్షణం చల్లగాలితో పాటు తెల్లటి పూసలు జలజలా రాలాయి. దోహాలోనే పుట్టి పెరిగిన ఆ పిల్లలు బెంచీలెక్కి గంతులేశారు. ఒకడైతే తినడానికి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మామ చీపురుతో పరుగెత్తుకొచ్చాడు గానీ, చీపురు తగిలితే చాలు, పూసలు ఎగిరిపోయి ఆయన మీసాలకే అతుక్కున్నాయి.

ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది. "స్టోర్ తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గర్నే ఉన్నది మేడం" అన్నాడు మామ.

అందరూ మామ వైపు చూశారు. నేను సీలింగు వైపు చూశాను. నాలుగు రోజులు తిరక్కుండానే కంపెనీ ఆయన్ని అల్ రువైస్‌లో కట్టడాల సైటుకు పంపేసింది. నీడపట్టున, పిల్లల మధ్య ఉండే మనిషి ఎండలో ఇటుకలు మోశాడు. (దిండు అలాగే ఉండిపోయింది; పూసలన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి.)

మామ డ్యూటీ ముగించి ఊరికి వెళ్ళిపోతున్నాడని మొన్న తెలిసింది. రువైస్ వెళ్ళి, ఆయన సామాను కట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని, సంచి కథంతా చెప్పేశాను. ఓదారుస్తాడనుకున్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"గమ్మునుండు అల్లుడా! ఎట్ల కురిసిందో నాకు ఎరుక లేదు గని, నా మనుమరాలికి ఫోన్ల నేనే కురిపిచ్చిన్నని చెప్పుకున్న. 'తాతా, రాంగనే మల్ల చెప్పాలె' అని ఎదురుజూస్తున్నది. ఇన్నేండ్లకు వచ్చి మంచు నీదంటవా?"

నవ్వొచ్చింది, కళ్ళు తడిశాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మంచు నాదేనని గొప్పగా చెప్పుకోవాలన్న కుర్రాడొకడు నాలో మిగిలే ఉన్నాడు. వాణ్ణి అణుచుకుని మామ చేతులు పట్టుకున్నాను.

"మంచు నీదే మామా. ఎండ మాత్రం నాది. అది కూడా నువ్వే మోశావు. నన్ను క్షమించు."