పురుగుల పాలు

తొంభైల చివర వానకాలాల్లో పచ్చపురుగు పత్తిచేలపై దండెత్తి, పిట్లం మొదలు బిచ్కుంద దాకా మందుపంపుల చప్పుడు మారుమోగి, పురుగుకంటే ముందు మనిషే వాలిపోయిన ఆ చెడ్డకాలంలో, బాన్సువాడ పక్క పల్లెలో వరీ చెరకూ పండించే ఇంటి కోడలు మంజులత, తమ నల్లరేగడి పత్తిచేనిలో మందు కొడుతున్న భర్త ముత్తెన్న నురగలు కక్కుతూ గట్టుమీద కూలిపోవడం కళ్లారా చూసింది.

దవాఖానలో ప్రాణం నిలిచింది. చేతుల వణుకు మాత్రం పోలేదు. కొడుకు రాజీవ్ వీపున ఆ పంపు ఎక్కరాదని ఆమె ఆనాడే ఇలవేల్పుకు మొక్కుకున్నది.

కొన్నేళ్లకు కొత్త పత్తి విత్తనం వచ్చింది.

"పురుగును చంపే గుణం గింజలనే పెట్టిండ్రు వదినె! పంపు అటకెక్కియ్యి ఇగ," అన్నాడు బిచ్కుంద విత్తనాల దుకాణం పండరి.

సంచిలో మరో చిన్న పొట్లం ఉంది. "గిదేంది?" అని మంజులత అడిగింది.

"మామూలు పత్తి. చేను చుట్టూ ఏస్తే పురుగులు అది తింటయట. లేకుంటే కొత్త పత్తికే అలవాటుపడి మొండికెత్తుతయట."

ముత్తెన్న పకపకా నవ్వాడు. "పురుగులకు మడులు రాసియ్యాల్నా? రేపు పెండ్లిళ్లు గూడ చెయ్యమంటవేమో!"

కాకికి తొలిముద్ద పెట్టి, చీమల పుట్టకు పిండి చల్లి గాని అన్నం ముట్టని ఇల్లాలు మంజులత. అయినా ఆ పొట్లాన్ని పెంటకుప్పలో పారబోసింది. భూతబలి వంటింటి గడప దాటి చేనిగట్టుకు చేరలేదు. ఊరంతా అదే పని చేసింది.

పంట విరగకాసింది. పంపుకు బూజు పట్టింది. ఆ గింజలు నానబెట్టి పెడితే బర్రె చిక్కటి పాలిచ్చింది. చిన్నకూతురు పల్లవి ఆ పాలు తాగుతుంటే తల్లి గ్లాసు వంక అనుమానంగా చూసేది.

"పురుగు సస్తది గద, మా పిల్లకేం గాదా?" అని పండరిని నిలదీసింది.

"గది పురుగుకే వదినె. సదువుకున్నోళ్లు సూసే ఇచ్చిండ్రు. ఫికర్ జెయ్యకు."

పల్లవికి ఏమీ కాలేదు. ఆమె కాపలా కాసిన వాకిలి గుండా కీడు రాలేదు.

ఆ విత్తనం వచ్చి దశాబ్దం ముగియవస్తున్న ఒక కార్తికంలో, పచ్చగా నిగనిగలాడే కాయను మంజులత చిదిమి చూసింది. లోపల గింజను తొలుచుకుంటూ గులాబీరంగు పురుగు, సజీవంగా, బలిసి. మరొకటి చిదిమింది. అందులోనూ ఉంది. ఆనాడు పెంటకుప్పలో పారబోసిన పొట్లం ఆమెకు గుర్తొచ్చింది.

రాజీవ్ అటకమీది పంపు దించాడు.

"పంట పోతే పోనియ్ బిడ్డా! అది ముట్టకు!" అంటూ ఆమె పంపు పట్టీ పట్టుకు గుంజింది.

"నేను కొట్టకపోతే ఎవలు కొడతరమ్మా? నాయిన చేతులతోనా?"

అరుగుమీద ముత్తెన్న వణికే చేతులను ఒళ్లో దాచుకున్నాడు. మంజులత పట్టీ వదిలేసింది. తన కొంగు చింపి కొడుకు ముక్కుకూ నోటికీ బిగించి కట్టింది. అతడు చేనిలో దిగగానే తెల్లటి మందుపొగ లేచి, పైరును, ఆ వెనుక అతణ్ని కమ్మేసింది.

గాలి ఆ బిడ్డకు ఎదురు వీచకుండుగాక. అతని ఊపిరి చల్లగా సాగుగాక. మంజులత పసుపుకుంకుమలు నిలిచి, ముత్తెన్న చేతులకు ఊరట కలిగి, పల్లవి నిండునూరేళ్లు నవ్వుతూ, ఆ ఇంటిని సర్వేశ్వరుడు రేయింబవళ్లు కాచుగాక.